అమ్మ చూడని గ్రహణం

2024 డిసెంబరులో ఒక రాత్రి దేవరకొండలో మా అమ్మ ఇంటి మిద్దె మీద టెలిస్కోపు పెట్టి, కంటికటకానికి సెల్‌ఫోన్ బిగించి చంద్రుణ్ణి ఫొటో తీశాను. ఆరంగుళాల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు అది. రిటైరవుతూ ఒక సైన్సు టీచరు అమ్మేస్తుంటే కొనుక్కున్నాను. సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదానికి ఈ గొట్టంతో ఏం పని అని ఇంట్లో అందరూ నవ్వారు. అమ్మ మాత్రం శాలువా కప్పుకుని పైకొచ్చి, ఫోనులో బొమ్మను చాలాసేపు చూసింది. గుంటలు, గట్లు, వాటి నీడలు. ఆ తర్వాత, నేనేమీ అడగకుండానే, "నేనైతే సూడలే బిడ్డా. సూసిననని అందరన్నరు గని నేను సూడలే" అంది.

ఏది చూడలేదో నాకు వెంటనే అర్థం కాలేదు. చంద్రుణ్ణి చూడని మనిషి ఉంటుందా? అమ్మ మాట్లాడుతున్నది నలభై నాలుగేళ్ల కిందటి సంగతి. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం గురించి.

ఆ రోజు శివరాత్రి వెళ్లిన అమావాస్య. చంద్రుడి నీడ కర్ణాటక తీరంలో కార్వార్ దగ్గర నేల మీదికొచ్చి, రాయచూరు మీదుగా మన మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలను దాటి, ఖమ్మం వైపు సాగి, ఒరిస్సాలో పూరీ దగ్గర సముద్రం మీదికి వెళ్లిపోయింది. వంద కిలోమీటర్లకు మించిన వెడల్పున్న ఆ దారిలో నాలుగింటికి కొంచెం ముందు పట్టపగలు చీకటైంది. దేవరకొండ ప్రాంతం ఆ దారికి దాదాపు నడిమధ్యలో ఉంది. ఇక్కడ రెండు నిమిషాల పైచిలుకు సూర్యుడు పూర్తిగా మాయమై, చుట్టూ తెల్లని కరోనా కనిపించింది. సూర్యుడి అంచు కాస్త బయట ఉన్నంతసేపూ నేరుగా చూస్తే కళ్లు దెబ్బతింటాయి. పూర్తిగా మూసుకున్న ఆ రెండు నిమిషాలు మాత్రం మామూలు కంటితో చూడొచ్చు. ఒకే ఊళ్లో ఉండి జీవితకాలం ఎదురుచూసినా చాలామందికి దొరకని దృశ్యం అది.

మా ఊరికి ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో జపాల్, రంగాపూర్ అనే రెండు పల్లెల మధ్య గుట్ట మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి అబ్జర్వేటరీ ఉంది. 48 అంగుళాల టెలిస్కోపుతో 1968లో మొదలైంది. 1980లో గ్రహణం సరిగ్గా దాని మీదుగా పోవడంతో దేశంలోని శాస్త్రవేత్తలే గాక విదేశీ బృందాలు కూడా వచ్చి అక్కడ మకాం వేశాయి. కెమెరాలు, వర్ణపటమాపకాలు, రేడియో పరికరాలు అన్నీ ఆ రెండు నిమిషాల కోసం సిద్ధమయ్యాయి. అదే మధ్యాహ్నం, టీవీలున్న పట్టణాల్లో జనం బయటికి రాకుండా ఉండేందుకు దూరదర్శన్ సినిమా వేసింది.

మా ఊళ్లో టీవీ లేదు. అమ్మకు అప్పుడు ఇరవై ఏళ్లు, ఏడో నెల. పొద్దున్నే తలస్నానం చేయించి నడిమింట్లో నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కాళ్లు ముడవద్దు, గోక్కోవద్దు, గోరు తుంచొద్దు, కత్తిపీట వైపు చూడొద్దు. తలుపు సందుల్లో మా నాయనమ్మ పాత చీర పేలికలు కుక్కింది. నీళ్లకుండ మీద, అన్నం గిన్నె మీద గరిక వేసింది. అమ్మకు గుర్తున్నవి చప్పుళ్లు మాత్రమే. కోళ్లు గూట్లోకి పోయిన చప్పుడు, దొడ్లో బర్రె అరుపు, ఎక్కడో ఎవరో తాంబాళం కొట్టడం. "ఇంట్ల అంతకుముందే చీకటుండె. బయట చీకటైంది ఎప్పుడో, మల్ల వెలుతురొచ్చింది ఎప్పుడో నాకెర్కలే" అంది.

ఏప్రిల్‌లో మా అన్న పుట్టాడు. పై పెదవి చీలి ఉంది.

మన భాషలో ఆ చీలికకు వేరే పేరు లేదు. గ్రహణం మొర్రి అంటాం. నిఘంటువులోనూ అదే, ఆస్పత్రి గోడ మీద బోర్డులోనూ అదే. ఇన్నేళ్లూ సాహిత్యం చదువుకుంటూ మాటల్లో దాగిన కులాన్ని, మగాధిక్యాన్ని వెతకడం నేర్చుకున్నానే గాని, మా ఇంట్లో రోజూ వినబడిన ఈ మాటను ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఈ పేరులోనే ఒక నేరారోపణ ఉంది. బిడ్డ పెదవి చీలిందంటే తల్లి గ్రహణం చూసిందని అర్థం. సాక్షులు అక్కర్లేదు, బిడ్డ ముఖమే సాక్ష్యం. ఒక్క మన దగ్గరే అని కాదు. మెక్సికోలో గ్రహణం చంద్రుణ్ణి కొరికినట్టే కడుపులో బిడ్డ నోటినీ కొరుకుతుందని నమ్మి, గర్భిణులు లోబట్టకు పిన్నీసు పెట్టుకునే అలవాటు ఉంది. ఇంగ్లీషువాళ్లు ఆ పెదవికి కుందేలు పేరు పెట్టారు. అక్కడ కూడా కడుపుతో ఉన్నప్పుడు కుందేలు ఎదురుపడిందా అని అడిగింది తల్లినే.

నిజానికి కడుపులో బిడ్డకు పై పెదవి కూడుకునేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంగిలి తొమ్మిదో వారానికల్లా కలుస్తుంది. అలా కలవకపోవడానికి వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు కొంత కారణం. తల్లి తినే తిండిలో ఫోలిక్ ఆమ్లం లోపం, పొగ, కొన్ని రకాల మందులు మరికొంత కారణం కావచ్చు. చాలా సందర్భాల్లో ఇదీ అని ఒక్క కారణం చూపలేం. మా అన్న లెక్క వేస్తే అతని పెదవి రూపం తీసుకున్నది 1979 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. గ్రహణం వచ్చింది ఫిబ్రవరిలో. అమ్మను చీకటి గదిలో పడుకోబెట్టే నాటికి జరగాల్సింది జరిగి అయిదు నెలలైంది.

ఈ లెక్క చెప్పడానికి మా ఇంట్లో నలభై నాలుగేళ్లు ఎవరూ లేరు. "తలుపు సందుకెల్లి సూసి ఉంటది" అని నాయనమ్మ అంది. తర్వాత వాడకట్టు అంది. "ఆ సందులల్ల పేలికలు కుక్కింది ఆమెనే గదా" అని అమ్మ ఇప్పుడు నవ్వుతుంది. అప్పుడు ఆ మాట అనలేకపోయింది. చివరికి, తాను నిద్రలో పక్కకు తిరిగానేమో, తెలియకుండా గోక్కున్నానేమో అని తనను తానే అనుమానించుకుంది. అన్నకు ఆరో ఏట హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ఇప్పుడైతే మొదటి ఏడాదిలోనే చేస్తున్నారు. ఈ వ్యాసం రాస్తానని అడిగితే అన్న "రాయి, పేరు రాయకు" అన్నాడు.

ఆ రాత్రి అమ్మ చెప్పింది విన్నాక నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. మన ప్రాంతంలో ఆకాశాన్ని ఫొటో తీయడం ఎప్పుడు మొదలైంది, ఆ ఫొటోల వెనక ఎవరున్నారు?

హైదరాబాదులో పరిశోధన చేసేవాళ్లకు బేగంపేటలోని సెస్ ఆవరణ పరిచయమే. సెమినార్లకు, లైబ్రరీకి నేనూ చాలాసార్లు వెళ్లాను. అక్కడ పాడుబడిన గుమ్మటాలున్నాయి. టీ తాగుతూ వాటి నీడలో నిలబడ్డానే గాని అవేమిటో అడగలేదు. అవి నిజామియా అబ్జర్వేటరీ గుమ్మటాలు.

దాని కథ మొదలైంది ఒక ఇంటి ఆవరణలోనే. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయనకు ఖగోళం పిచ్చి. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టుకున్నాడు. అబ్జర్వేటరీకి నిజామియా అని పేరు పెట్టుకునేందుకు 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతి తీసుకున్నాడు. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది ఈ నిజాం పేరు మీదే. ఆకాశాన్ని ఫొటో తీయడం కోసం 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌నూ జఫర్ జంగ్ సమకూర్చుకున్నాడు. ఆ కాలపు నవాబుల సంపద ఏ రైతుల, ఏ వెట్టివాళ్ల చెమట నుంచి వచ్చిందో తెలంగాణ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 1907లో ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం అబ్జర్వేటరీని తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది.

అప్పటికి ప్రపంచంలో ఒక పెద్ద పని నడుస్తోంది. మొత్తం ఆకాశాన్ని ముక్కలు చేసి, ఫొటోలు తీసి, నక్షత్రాల జాబితా తయారుచేయాలని 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు తీర్మానించారు. దాదాపు ఇరవై అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ, అంటే దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న భాగం, హైదరాబాదుకు వచ్చింది. ఆ తర్వాత ఉత్తరాకాశంలో 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా హైదరాబాదే చేసింది. ఛాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ అనే డైరెక్టర్ల హయాంలో దశాబ్దాల పాటు సాగిన ఈ పనిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టారు.

ఆ రోజుల్లో ఆకాశాన్ని ఫొటో తీయడమంటే, వెండి లవణం పూసిన గాజు పలకను టెలిస్కోపుకు బిగించి వెలుతురు సోకనివ్వడం. ఒక పలక మీద రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఉన్న ఆకాశం పడుతుంది. చంద్రుడి వెడల్పు అర డిగ్రీ కాబట్టి, పక్కపక్కన నలుగురు చంద్రులు పట్టేంత. భూమి తిరుగుతుంది కనుక టెలిస్కోపు గడియారపు యంత్రంతో మెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ కదలిక తప్పకుండా ఒక మనిషి సహాయక టెలిస్కోపులో ఒక నక్షత్రం మీద కన్ను పెట్టి కూర్చుంటాడు. ఒకే పలక మీద కొంచెం జరిపి ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు, ఇలా మూడుసార్లు వెలుతురు పట్టిస్తారు. నిజమైన నక్షత్రం మూడు చుక్కలుగా వస్తుంది. దుమ్ము, మరక అయితే ఒక్క చుక్కే.

ఫొటో తీయడంతో పని అయిపోదు. పలక మీద అచ్చువేసిన గళ్లల్లో ఒక్కొక్క చుక్క ఎక్కడుందో సూక్ష్మదర్శినిలో చూసి కొలవాలి. ఇది పగలు చేసే పని. కళ్లు పోయేంత పని. మన ఇళ్లల్లో బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిది, ఎంత చేసినా కనిపించదు, ఒక్కటి వదిలేస్తే మాత్రం అందరి నోటికీ తగులుతుంది.

అందుకే కాబోలు, ప్రపంచంలో చాలాచోట్ల ఈ పనికి ఆడవాళ్లను పెట్టుకున్నారు. పారిస్‌లో కొలతల విభాగానికి డొరొథియా క్లుంప్కే అనే ఖగోళ శాస్త్రవేత్త నాయకత్వం వహించింది. మెల్‌బోర్న్‌లో 1898 నుంచి షార్లొట్ పీల్ ఈ కొలతల పని చేసింది. అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీ గాజు పలకలను పరిశీలించడానికి గంటకు పావు డాలరు ఇచ్చి స్త్రీలను నియమించుకుంది. వాళ్లలో ఒకరైన హెన్రియెటా లీవిట్ ఆ పలకల్లోంచే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే కొన్ని నక్షత్రాల సూత్రాన్ని 1912లో చూపింది. గెలాక్సీల దూరాలు కొలవడానికి దారి వేసింది ఆ సూత్రమే.

నన్ను ఎక్కువ కదిలించింది వాటికన్ కథ. అక్కడి అబ్జర్వేటరీ వంతు పలకలను కొలవడానికి 1910 నుంచి 1921 వరకు నలుగురు నన్‌లు పనిచేశారు. ఒకరు సూక్ష్మదర్శినిలో చూసి అంకెలు చెప్తుంటే మరొకరు రాసుకున్నారు. 4,81,215 నక్షత్రాలు. వాళ్ల ఫొటో ఒకటి చాలాకాలంగా పుస్తకాల్లో ఉంది, పేర్లు మాత్రం లేవు. పాత కాగితాలు సర్దుతున్న ఒక ఫాదరీ కంటపడడంతో 2016లో ఆ పేర్లు లోకానికి తెలిశాయి. ఎమీలియా పొంజోని, రెజీనా కొలంబో, కొన్చెట్టా ఫినార్ది, లుయీజియా పాన్చేరి. ఈ నాలుగు పేర్లను తెలుగులో రాయడం నాకు ముఖ్యమనిపించి రాస్తున్నాను.

మన హైదరాబాదు సంపుటాల మీద కనిపించేవి డైరెక్టర్ల పేర్లే. లక్షల చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచిన చేతులు ఆ పేర్ల వెనక ఉన్నాయి. ఆ చేతులు ఆడవాళ్లవైనా, చిన్న జీతపు గుమాస్తాలవైనా చరిత్ర వాటిని ఒకేలా చూసింది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటం గురించి వేసిన ప్రశ్న సైన్సు చరిత్రకూ వర్తిస్తుంది. ఆ పోరాటంలో ఉండి కూడా పుస్తకాలకెక్కని మన నల్లగొండ ఆడవాళ్లు తమ నోటితో తాము చెప్పుకుంటేగాని ఆ కథ పూర్తి కాలేదు. ఆ కొలతలు మాత్రం వృథా పోలేదు. శతాబ్దం చివర వాటిని కంప్యూటర్లకెక్కించి, ఉపగ్రహం తీసిన కొత్త కొలతలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాలు ఎటు కదులుతున్నాయో చెప్పే టైకో-2 జాబితాను 2000లో ప్రచురించారు. నూరేళ్ల కింద నక్షత్రం ఎక్కడుందో ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెట్టకపోతే ఇప్పుడు అది ఎంత జరిగిందో తెలిసేది కాదు.

హార్వర్డ్‌లోనైనా వాటికన్‌లోనైనా స్త్రీలకు ఎక్కువగా దక్కింది పగటి పని. రాత్రి టెలిస్కోపు దగ్గర కూర్చునే హక్కు మగవాళ్లది. అమెరికాలోని పాలొమార్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్తల వసతి గృహానికి మఠం అనే పేరు. వీరా రూబిన్‌కు అక్కడ అధికారికంగా పరిశీలన చేసే అవకాశం 1965లో గాని రాలేదు. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదన్నది వాళ్లు చూపిన సాకుల్లో ఒకటి. ఈ సాకు మనం వినని దేమీ కాదు. రాత్రి బయట ఉన్న ఆడదాన్ని ఎందుకున్నావని అడగడం అన్ని దేశాల్లోనూ ఉంది.

అలాగని మన ఆడవాళ్లకు ఆకాశం తెలియదా? వేగుచుక్క పొడవగానే లేచి జొన్నలు విసిరినవాళ్లు, గడియారం లేని ఇంట్లో చుక్కను బట్టి పొద్దు చెప్పినవాళ్లు ఆడవాళ్లే. ఓరియన్ నడుములోని మూడు చుక్కలను గొర్రుకొయ్యలన్నారు, విత్తనాలు వేసే గొర్రును ఆకాశంలో చూశారు. గుంపుగా మెరిసే కృత్తికలను పిల్లలకోడి అన్నారు. పాలమూరు నుంచి దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు తవ్విన ఆడకూలీలు ఎన్ని రాత్రులు ఆరుబయట ఈ చుక్కల కింద పడుకున్నారో లెక్కలేదు. రోజూ పనికి లేవడానికి చుక్కను చూడొచ్చట, ఒక్క గ్రహణం రోజున మాత్రం చూడకూడదట. పని కోసమైతే ఆడదానికి ఆకాశం ఉంది. ఊరికే చూడాలనిపించి చూడడానికే లేదు.

మిద్దె మీద నేను ఫొటోలు తీయడం చూసి, అమ్మ నెమ్మదిగా ఆ పని నేర్చుకుంది. నా టెలిస్కోపుకు గడియారపు యంత్రం లేదు. భూమి తిరుగుడుకు చంద్రుడు తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలు చాలు, ఆలోపు మళ్లీ సరిచేయాలి. ఓరియన్ నెబ్యులా లాంటి మసక వస్తువుకు ఎక్కువసేపు వెలుతురు పట్టిద్దామంటే చుక్కలు గీతలైపోతాయి. అందుకని అర సెకను చొప్పున రెండు వందల ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరుస్తాను. విడివిడిగా చూస్తే ఒక్కొక్క ఫొటోలో రవ్వంత మసక తప్ప ఏమీ ఉండదు. అన్నీ కలిస్తే రెక్కలు చాచినట్టు నెబ్యులా బయటపడుతుంది. గొట్టం కదపడం అమ్మ వంతు, ఫోను నొక్కడం నా వంతు. "జరిగింది, జరిగింది" అంటూ ఆమె సరిచేస్తుంది.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. పదకొండింటి నుంచి పన్నెండుంపావు దాటేదాకా చంద్రుడు పూర్తిగా నీడలో ఉంటాడని చెప్పారు. చంద్రగ్రహణాన్ని ఎంతసేపు చూసినా కళ్లకేమీ కాదు. పక్కింటి కోడలికి అయిదో నెల. సాయంత్రం వాళ్ల అత్త తలుపులు వేసుకుంటుంటే అమ్మ గోడవతల నుంచి పిలిచింది. నేను లోపలి నుంచి విన్నాను. ఫోలిక్ ఆమ్లం గురించీ, వారాల లెక్క గురించీ నేను చెప్పినవి ఏమైనా చెబుతుందేమో అనుకున్నాను. అమ్మ అవేమీ చెప్పలేదు. "అక్కా, నేను సూడలే. తలుపేసుకొని పండుకున్న. అయినా నా కొడుక్కు గట్లయింది. నువ్వు ఆ పిల్లను పండబెడితే పండబెట్టు. కని, రేపు ఏదన్న అయితే ఆ పిల్లను మాత్రం అనకు" అంది.

అవతలి నుంచి జవాబు రాలేదు. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

ఆ రాత్రి మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. మబ్బు చీలినప్పుడల్లా ఇటుకరాయి రంగులో చంద్రుడు కనిపించాడు. పన్నెండు ఫొటోలు దొరికాయి, వాటిలో రెండు బాగున్నాయి. అమ్మ కంటికటకం దగ్గర కన్నుపెట్టి, మబ్బు కమ్మినా కదలకుండా, మళ్లీ తెరిపి వచ్చేదాకా అలాగే వంగి నిలబడింది. నడుము నొప్పి పుడుతుంది, కూర్చోమన్నా వినలేదు.

తెల్లారి పక్కింటి కోడలు నీళ్లు పట్టడానికి వచ్చి గోడ దగ్గర ఆగింది. "రాత్రి తీసిన్రంట గదా అత్తమ్మా, సూపియ్యరా" అని అడిగింది. అమ్మ ఫోను తీసుకుని వెళ్లి, గోడ మీద నుంచి ఆమె చేతికి ఇచ్చింది.